మంచం మీంచి వీధి కనపడాలి

ఇల్లు కట్టేవాళ్లకి సింహద్వారం మీద ఉన్న శ్రద్ధ కిటికీ మీద ఉండదు. ద్వారబంధం నిలబెట్టే రోజున ముహూర్తం, పసుపు, కుంకుమ, మామిడాకులు, మేస్త్రీకి కొత్త బట్టలు... అంతా పండగే. కిటికీ చౌకట్టు మాత్రం ఏ ముహూర్తమూ లేకుండా ఓ మధ్యాహ్నం పూట గోడలో కూర్చుంటుంది. కానీ రోజుకు పదిసార్లు దాటేది గుమ్మమైతే, రోజంతా తోడుండేది కిటికీ. కాలు బయట పెట్టలేనివాళ్లకైతే మరీను!

సికింద్రాబాద్‌లో ఓ పెద్దాయనకు ఈ సంగతి గోడలు మూడడుగులు లేచాక తెలిసింది.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక ఈ ఊళ్లో ఎన్నో కుటుంబాల తెల్లవార్లూ, పొద్దుగూకులూ రైలు టైముల్ని బట్టే నడిచాయి. వీళ్లదీ అలాంటి ఇల్లే. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పాతికేళ్లు ఉన్నారు. ఆ వంటింటి కిటికీకి చెక్క రెక్కలు, నిలువు ఇనుప ఊచలు. డ్యూటీ దిగి, పెట్టె పట్టుకుని ఆయన సందు మలుపు తిరిగితే చాలు... లోపల స్టవ్ మీదకు టీ గిన్నె ఎక్కేది. ఆమె ఎదురు రాలేదని ఆయన ఏనాడూ అనుకోలేదు. కిటికీలో ముఖం కనపడేదిగా!

తర్వాత అల్వాల్ వైపు కొన్న స్థలంలో ఇల్లు మొదలుపెట్టారు. తూర్పున వీధి. అప్పటికే ఆమెకు రెండు మోకాళ్లూ అరిగాయి. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి, కాసేపు కూర్చుంటే నడుం వాల్చాలి. ప్లాన్ కాగితం చూపిస్తే ఆమె అడిగింది ఒక్కటే: ‘‘వీధి కనపడే కిటికీ ఒకటుంటే చాలండీ.’’

కాగితం మీద పెద్దవాళ్ల పడగ్గది నైరుతిలో ఉంది. దాని కిటికీ తెరిస్తే నాలుగడుగుల దూరంలో పక్కింటి గోడ. గదిని తూర్పు వైపుకు మార్చేద్దాం అన్నారాయన. వాస్తు తెలిసిన బావమరిది ఒప్పుకోలేదు. ‘‘నైరుతిలో బరువుండాలి బావా!’’ అన్నాడు. ‘‘దాందేముంది, బీరువాలు అక్కడ పెడదాం’’ అన్నారాయన. బావమరిది అంతటితో ఆగితేనా! తలుపులూ కిటికీలూ లెక్కపెట్టి, కిటికీలు పదకొండొచ్చాయి, సరిసంఖ్య కావాలన్నాడు. మెట్ల కింద ఓ చిన్న కిటికీ అలా పుట్టుకొచ్చింది. ఈ ఊళ్లో చాలా ఇళ్లకు ఒకటో రెండో అలాంటి కిటికీలుంటాయి. గాలికీ కాదు, వెలుతురుకీ కాదు... లెక్క కోసం!

ఇక ఏ రకం కిటికీ అన్నది అసలు రగడ. ఏసీ ఎలాగూ పెడతాం కాబట్టి పెద్ద అద్దాలు బిగించేస్తే దుమ్మూ రాదు, చప్పుడూ రాదన్నాడు కొడుకు. కోడలిది యూపీవీసీ ఓటు. చెద పట్టదు, తుప్పు పట్టదు, ఏటా రంగులు వెయ్యక్కర్లేదు. వడ్రంగి టేకు తప్ప మరో మాట ఎత్తలేదు. కొడుకుతో కలిసి రాణిగంజ్‌లో సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, బందులూ బోల్టులూ గాజుపలకల ధరలు రాసుకొచ్చాక పెద్దాయనకు తలనొప్పి పట్టుకుంది. ఎవరి మాటా తప్పు కాదు. బాగా ఎండని టేకైనా వానల్లో ఉబ్బి బిగుసుకుపోతుంది. యూపీవీసీ రబ్బరు అంచులు చప్పుడు ఆపుతాయి, నిజమే... మూసి ఉన్నంతసేపే.

గార్డు ఉద్యోగం చేసిన మనిషి కదా, చివరికి లెక్కలోకి దిగారు. గదికి గాలీ వెలుతురూ రావాలంటే కిటికీలు ఎంతుండాలో నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. పొడి వేడి ఉండే ప్రాంతాల్లో నేల వైశాల్యంలో పదోవంతు, ఉక్కపోత ప్రాంతాల్లో ఆరోవంతు. పన్నెండు అడుగులకు పది అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. పొడి ప్రాంతం లెక్కన 12 చదరపు అడుగుల కిటికీ చాలు. నాలుగు బై నాలుగు పెడితే 16. పాసైనట్టే! కానీ పక్కకు జరిపే రెండు పలకల కిటికీ అయితే ఒకదాని వెనక్కి మరొకటి పోతుంది. తెరిచినా గాలికి దక్కేది సగం, అంటే ఎనిమిది అడుగులే. బయటికి తెరుచుకునే రెక్కల కిటికీ అయితే దాదాపు మొత్తం దక్కుతుంది. పైగా ఎంత పెద్ద కిటికీ పెట్టినా గాలి వెళ్లిపోవడానికి మరో దారి లేకపోతే లోపలికి రాదు. కంటోన్మెంట్‌లోని పాత బంగళాల్లో పైకప్పు దగ్గర చిన్న వెంటిలేటర్లు ఉండేది అందుకే. వేడిగాలి పైకి లేచి వాటిలోంచి పోతుంది, కింద కిటికీలోంచి చల్లగాలి వస్తుంది.

దిక్కు సంగతీ చూసుకోవాలి. మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు బాగా ఎత్తున ఉంటాడు. దక్షిణపు కిటికీకి కాస్త సన్‌షేడ్ ఉంటే ఎండ ఆగుతుంది. సాయంత్రం పడమటి ఎండ అలా కాదు, వాలుగా సన్‌షేడ్ కింద నుంచి దూరి మంచం దాకా వస్తుంది. అలాగని పడమర మొత్తం మూసేస్తే వానాకాలం గాలి పోతుంది, ఆ నెలల్లో గాలి వీచేది ఎక్కువగా అటునుంచే. అందుకే పడమటి కిటికీ చిన్నదిగా, రెక్కలు దగ్గరగా వేసుకునే వీలుతో ఉండాలి. వెనకటికి ఎండాకాలం వచ్చిందంటే తలుపులకూ కిటికీలకూ వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. ఏసీ పుట్టకముందు చల్లదనం అదే, వాసన అదనం.

కిటికీ తెరవగానే గాలికంటే ముందొచ్చేది మరొకటుంది... దోమ! దాని గురించి సికింద్రాబాద్ వాళ్లకు వేరే చెప్పాలా? మలేరియా గుట్టు దోమ కడుపులో దొరికింది ఈ ఊళ్లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు బేగంపేటలో ఓ దోమను కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది, ఆయన పేరుతోనే. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకొంటున్నారు. ఇంత ఘనత ఉన్న ఊళ్లో జాలీ లేకుండా కిటికీ పెట్టడం పెద్ద పొరపాటే. మలేరియా దోమ రాత్రిపూట కుడితే, డెంగీ దోమ పట్టపగలే కుడుతుంది. కాబట్టి జాలీ రెక్క పగలూ వేసే ఉంచాలి. జాలీ కొంత గాలిని ఆపుతుంది, అందుకని కిటికీని ఆ మేరకు పెద్దది చేసుకోవాలి.

ఇన్ని లెక్కలూ వేసి, ఇక అంతా తేలిపోయిందనుకున్నారు. తూర్పు గదికి నాలుగు బై నాలుగు కిటికీ. మేస్త్రీ మూడడుగుల దాకా గోడ లేపి, అక్కణ్నుంచి చౌకట్టుకు చోటు వదిలాడు.

ఓ ఆదివారం ఆటోలో ఆమెను తీసుకొచ్చి ఇల్లు చూపించారు. గుమ్మం నుంచి గది దాకా నడిచేసరికి ఆయాసం వచ్చింది. వాచ్‌మన్ నులక మంచం ఆ గదిలోనే ఉంటే కూర్చుని, కాసేపటికి నడుం వాల్చింది. కిటికీ చోటు వైపు చూసింది.

‘‘ఏమండీ, ఇక్కణ్నుంచి ఆకాశం తప్ప ఏమీ కనపడట్లేదు.’’

‘‘కూర్చుంటే కనపడుతుందిలే’’ అన్నారాయన నవ్వుతూ.

‘‘కూర్చోగలిగినప్పుడు సరే...’’ అందామె.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆమెను లేపి కుర్చీలో కూర్చోబెట్టి, తానే ఆ మంచం మీద పడుకున్నారు. నిజమే. మంచం ఎత్తు ఒకటిన్నర అడుగు. దిండు మీద తల పెడితే కళ్లు రెండడుగుల దగ్గర ఉంటాయి. గోడ మూడడుగులు! వీధి లేదు, మనుషులు లేరు. ఓ కరెంటు తీగ, దాని మీద కాకి. ఇన్నాళ్లూ గాలి కొలిచారు, ఎండ కొలిచారు, ధర కొలిచారు. చూసే మనిషి కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో మాత్రం కొలవలేదు.

‘‘ఒక అడుగు గోడ తీసెయ్ మేస్త్రీ’’ అన్నారు లేస్తూనే.

‘‘గోడ లేసినంక చెప్తే ఎట్ల సార్? అందరిండ్లల్ల మూడడుగుల మీదనే పెడ్తరు.’’

‘‘అందరిళ్లలో ఈమె ఉండదుగా!’’

మూడు నాలుగు వరుసల ఇటుకలు, సగం రోజు కూలి. ఖర్చయింది అంతే. పైన లింటెల్ కదల్లేదు కాబట్టి కిటికీ నాలుగడుగుల నుంచి అయిదడుగులయింది. ఆ ఒక్కదానికి టేకు, మిగతా ఇంటికి రెక్కలు తెరుచుకునే యూపీవీసీ అని రాజీ కుదిరింది. వడ్రంగి పాతకాలం పద్ధతిలో నాలుగు రెక్కలు పెట్టాడు, పైన రెండు, కింద రెండు. బట్టలు మార్చుకునేటప్పుడు కింది రెక్కలు వేసి పైవి తెరిచి ఉంచొచ్చు. కింద ఎత్తు తగ్గింది, మనవడు ఎక్కుతాడని ఊచలు దగ్గర దగ్గరగా వేయించారు. లోపలి వైపు జాలీ రెక్కలు.

గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరూ హాల్లో గ్రానైట్ మెచ్చుకున్నారు, సింహద్వారం చెక్కడాన్ని మెచ్చుకున్నారు. కిటికీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సినంత వింతేమీ కాదది.

ఆ మర్నాడు సాయంత్రం పెద్దాయన కూరలు కొనుక్కుని సంచీతో వీధి మలుపు తిరిగారు. తూర్పు గదిలోంచి మాట వినిపించింది.

‘‘అమ్మాయ్, మావయ్యగారు వచ్చేస్తున్నారు... టీ పెట్టు!’’