పదీ, రెండూ, మా అమ్మా

దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్ళకి ఒక ధర్మం ఉంది. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే డిస్నీలాండు, మాలిబు గుడి, గ్రాండ్ కాన్యన్ చూపించాలి. గ్రాండ్ కాన్యన్ దారిలో లాస్ వేగాస్ ఎలాగూ తగులుతుంది కనక, అక్కడొక రాత్రి ఆగి లైట్లు కూడా చూపించాలి. మేం అన్నదమ్ములం ఇద్దరం ఇరవై ఏళ్ళుగా ఈ ధర్మాన్ని తప్పకుండా పాటిస్తున్నాం. అత్తగార్లు, మామగార్లు, మేనత్తలు అందరూ చూశారు. చూడనిది మా అమ్మ ఒక్కతే. "ఆ పేకాట ఊరికి నేను రాను" అనేది.

కారణం మాకు తెలుసు. తెనాలి దగ్గర మా ఊళ్ళో రెండెకరాల మాగాణి మా నాన్న పేకాటలో పోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఈసారి మాత్రం అమ్మే అంది: "ఎనభై రెండేళ్ళొచ్చాయి. ఇక మళ్ళీ వస్తానో రానో, అదేదో కూడా చూపించెయ్యండి."

పులిహోర, పెరుగన్నం కూలర్లో పెట్టుకుని, రెండు కుటుంబాలం ఒకే వ్యానులో బయల్దేరాం. లాస్ ఏంజెలెస్ నుంచి 270 మైళ్ళు. బార్‌స్టో దాటాక అంతా మొజావె ఎడారి. బేకర్ అనే చిన్న ఊళ్ళో 134 అడుగుల ఎత్తున ఒక థర్మామీటరు కట్టారు. 1913లో దగ్గర్లోని డెత్ వ్యాలీలో 134 డిగ్రీల ఎండ నమోదైందని దాని గుర్తుగా. మేం వెళ్ళినప్పుడు 112 చూపిస్తోంది. సెల్సియస్‌లో ఎంతో లెక్క కట్టి చెబితే, అమ్మ "మన రెంటచింతల ఎండే కదా, దీనికింత స్తంభం ఎందుకు?" అంది.

వేగాస్ హోటళ్ళలో గదికి వెళ్ళాలంటే పేకాట బల్లల మధ్యనించే నడవాలి. గోడలకి గడియారాలుండవు. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఎటూ చూడకుండా లిఫ్టు దాకా నడిచింది.

సాయంత్రం పాత ఊరు ఫ్రీమాంట్ స్ట్రీటు చూశాం. 1995లో వీధి పొడుగునా పైన కప్పు వేసి దానిమీద లైట్లతో బొమ్మలాడిస్తున్నారు. పిల్లలు వాటిని చూస్తుంటే మేం బినియన్స్ ముందు నిలబడిపోయాం. పోకరు ప్రపంచ పోటీలు 1970లో మొదలైంది ఇక్కడే. 2005లో పోటీ రియో హోటలుకి, 2022లో స్ట్రిప్ మీదికి తరలిపోయింది గాని, కథలన్నీ ఇక్కడివే.

ఆ కథల్లో డాయల్ బ్రన్సన్‌ది ఒకటి. టెక్సాస్ మనిషి, 2023లో పోయాడు. ఈ ఆటలో తలకి రెండు ముక్కలు చేతికిస్తారు, మధ్యలో అందరికీ కలిపి అయిదు పరుస్తారు, ఏడింటిలో మంచి అయిదు లెక్క. 1976లో ఆఖరి చేతిలో బ్రన్సన్‌కి వచ్చినవి పదీ, రెండూ. బుద్ధున్నవాడు చూసి కింద పడేసే ముక్కలు. ఆఖరి ముక్క ఇంకో పది పడి, మూడు పదులూ రెండు రెళ్ళూ కలిసి 2,20,000 డాలర్లు గెలిచాడు. మరుసటేడు ఆఖరి చేతిలో మళ్ళీ అవే పదీ, రెండూ. మళ్ళీ ఆఖరి ముక్క పదే. ఈసారి 3,40,000. అప్పట్నించి ఆ జతకి ఆయన పేరే పెట్టుకున్నారు.

చెడ్డ చేతికీ పేరుంది. 1876 ఆగస్టు 2న డెడ్‌వుడ్ అనే ఊళ్ళో వైల్డ్ బిల్ హికాక్‌ని పేకాడుతుండగా వెనకనించి కాల్చారు. అప్పుడాయన చేతిలో ఆసుల జత, ఎనిమిదుల జత ఉన్నాయంటారు. దాన్ని చచ్చినవాడి చెయ్యి అంటారు. చూడబోతే అది మంచి చెయ్యే. ఆయన కూర్చున్న చోటే బాగాలేదు.

రాత్రి పదకొండింటికి అమ్మ పడుకుందనుకుని మేమిద్దరం కిందికి దిగాం. ఆ వీధిలోనే ఒకచోట చిన్న టోర్నమెంటు జరుగుతోంది. తలకి ఎనభై డాలర్లు కడితే పదివేల విలువ రాసిన బిళ్ళలిస్తారు. వాటిని డబ్బుగా మార్చుకోవడానికి లేదు. అయిపోతే లేచిపోవాలి.

మాలో చిన్నవాడికి నలభై నిమిషాలు ఏమీ పడలేదు. తర్వాత రెండు ఆసులు పడ్డాయి. 221 చేతుల్లో ఒకసారి పడే జత అది. ఉన్న బిళ్ళలన్నీ తోశాడు. ఎదటివాడు రెండు రాజులతో వచ్చాడు. అలాంటప్పుడు ఆసులు నూటికి ఎనభై సార్లు పైనే గెలుస్తాయి. ఆఖరి ముక్క ఆఠీను రాజు పడింది. చిన్నవాడు లేచాడు.

పెద్దవాడికి పదీ, రెండూ వచ్చాయి! ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పందెం కట్టవలసిన వంతు తనది. ఎవరూ పెంచలేదు కనక పోలేదు. మధ్యలో పది, పది, రెండు పడ్డాయి. బిళ్ళలు మూడింతలయ్యాయి. ఇక చూసుకోండి, ఆ చేత్తో మావాడికి ధైర్యం వచ్చింది. వచ్చిన ప్రతి చెత్త ముక్కా ఆడాడు. ముప్పావుగంటలో తనూ లేచాడు. మా పక్కన ఓడినాయన మాత్రం మళ్ళీ ఎనభై కట్టి కూర్చున్నాడు. అది మూడోసారిట. అలా కట్టుకోవడానికి మొదటి గంటన్నర వీలిస్తారు.

వెనక్కి తిరిగితే కటకటాల అవతల బెంచీ మీద అమ్మ, పక్కన పెద్ద కోడలు. లైట్లకి నిద్రపట్టలేదని తీసుకొచ్చిందిట. ఎప్పట్నించి కూర్చుందో అడిగే ధైర్యం లేకపోయింది.

"ఎంత పోయిందిరా?" అంది.

"ఎనభై అమ్మా. ఇద్దరిదీ కలిపి నూట అరవై."

"అంతేనా? ఇంకా పోదా?"

"బిళ్ళలైపోతే లేవాల్సిందేనమ్మా. కావాలంటే ఇంకోసారి కట్టుకోవచ్చు. మేం కట్టలేదు."

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మేం ఇన్నేళ్ళూ వినని మాట చెప్పింది. మా నాన్నకి మొదట్లో పేకాట పిచ్చి లేదట. ఒక సంక్రాంతికి చావిట్లో ఊరికే కూర్చుంటే మూడు ఆసులు పడ్డాయట. నాలుగొందలు గెలిచి అమ్మకి చీర తెచ్చాడు. ఊరంతా చెప్పుకున్నారు. "ఆ మూడు ఆసుల కోసం ఆరేళ్ళు కూర్చున్నారు. మళ్ళీ పడలేదు" అంది.

1967లో సికిందరాబాదు క్లబ్బు కేసులో సుప్రీం కోర్టు రమ్మీకి నేర్పు కావాలనీ, మూడు ముక్కలాట వట్టి అదృష్టమనీ తేల్చింది. నాన్న ఆడింది మూడు ముక్కలే. ఆ రాత్రి గదిలో హోటలు కాగితం మీద లెక్క కట్టాం. మూడు ఆసులు 5,525 చేతుల్లో ఒక్కసారి పడతాయి. మా పొలం పోగొట్టింది పడని ముక్కలని ఇన్నాళ్ళూ అనుకున్నాం. పడిన ముక్కలే.

అమ్మకి ఆ కాగితం చూపించలేదు. ఆవిడకి అంకెలతో పని లేదు. లిఫ్టులో ఒక్క మాటే అంది: "ఇక లెమ్మని చెప్పేవాళ్ళు ఆయనకి లేకపోయారురా. నేను చెబితే వినేవారు కాదు."

తెల్లారి గ్రాండ్ కాన్యన్ బయల్దేరాం. వ్యాను ఎక్కుతూ పెద్దవాడు జేబులో చెయ్యి పెడితే అయిదు డాలర్ల నోటు తగిలింది. మిషనులో వేసి వద్దామా అన్నట్టు అటు చూశాడు.

"లే, ఎక్కు" అంది అమ్మ.

ఎక్కేశాడు.