ఇంటి సముద్రమునకు నిత్యసేవ

సముద్రమును తలచినప్పుడెల్ల మనకు స్ఫురించునది దాని చాంచల్యము: కెరటము, ఆటుపోటు, తుఫాను. ఆ నీటిలో పుట్టి పెరుగు ప్రాణులకు మాత్రము దానియంత స్థిరమైన వస్తువు వేరొకటి లేదు. 1872 మొదలు 1876 వరకు సముద్రములను శోధించుచు భూగోళమును చుట్టివచ్చిన ఛాలెంజర్ నౌక, వేర్వేరు సాగరముల నుండియు వేర్వేరు లోతుల నుండియు సేకరించి తెచ్చిన నీటిలో 77 నమూనాలను విలియం డిట్మార్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పరీక్షించి 1884లో ప్రకటించిన ఫలితము విస్మయము గొలుపునట్టిది. ఒకచోట ఉప్పదనము కొంచెము ఎక్కువ, వేరొకచోట కొంచెము తక్కువ యైనను, ఆ ఉప్పులోని సోడియము, మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మొదలగు ముఖ్యద్రవ్యముల పరస్పర నిష్పత్తి ఎల్లెడల ఇంచుమించుగా ఒక్కటియే. నదులెన్ని వచ్చి కలిసినను, ఎండలెంత కాసినను ఆ పాళము తప్పకుండుటకు ముఖ్యకారణము సముద్రపు వైశాల్యము. అంతటి జలరాశిలో స్వల్పమైన మార్పు కలిసి, కరగి, లేనిదే యగును.

ఇంటిలో ఒక గాజుతొట్టియందు ఉప్పునీరు నింపి, అందు పగడములను, చేపలను పెంపదలచిన గృహస్థు ఆ వైశాల్యమొక్కటి తప్ప తక్కినవన్నియు తెచ్చుకొనగలడు. ఉప్పు దొరకును, సూర్యకాంతికి మారుగా దీపము దొరకును, కెరటము పుట్టించు పంపు దొరకును, వైశాల్యము దొరకదు. అది లేనిచోట దాని స్థానమున నిలువగలిగినది నియమమొక్కటియే యని నా విశ్వాసము. దినమునకొకమారు, వారమునకొకమారు, మాసమునకొకమారు ఈ తొట్టికి చేయవలసిన చిన్నచిన్న పనులన్నింటి పరమార్థము ఇదియే: సముద్రము తన పరిమాణముచేత అప్రయత్నముగా నెరవేర్చుకొను కార్యమును మనుష్యుడు తన శ్రద్ధచేత నెరవేర్చుట.

పగడమునకు స్థిరత్వమేల అంత యవసరమో తెలియవలెనన్న దాని జీవనమును కొంత యెరుగవలెను. పూవువలె విచ్చుకొనియుండుటచేత చిరకాలము దానిని మొక్క యనియే పండితులు తలంచిరి. 18వ శతాబ్ది పూర్వార్ధమున మార్సేల్స్ నగరపు వైద్యుడు పేసొనెల్ అది జంతువని చెప్పగా, పారిస్ విద్వత్పరిషత్తు ఆ మాటను వెంటనే అంగీకరింపలేదు. అతడు చెప్పినదే సత్యము. అయినను దిబ్బలు కట్టు రాతిపగడముల మేనిలో కంటికి కానరాని శైవలములు కాపురముండి, వెలుతురు సాయమున ఆహారమును తయారుచేసి, అందు పెద్దపాలు తమకు నీడనిచ్చిన జంతువునకే యిచ్చుచుండును. నీటివేడిమి హద్దుమీరి ఒకటి రెండు డిగ్రీలు పెరిగి వారములతరబడి యట్లే నిలిచినచో ఈ సఖ్యము చెడును. పగడము ఆ శైవలములను వెలిపుచ్చి తెల్లబారి, క్రమముగా కృశించును. ఉప్పదనము తగ్గుటను, బురద కప్పుటను గూడ అది సహింపదు. గోదావరియు కృష్ణయు వరదకాలమున మంచినీటిని, ఒండ్రును తెచ్చి కుమ్మరించు మన తీరమున పెద్ద పగడపు దిబ్బలు పెరుగకపోవుటయు, అట్టి మహానదుల ముఖములకు దూరమైన లక్షదీవులలో అవి వర్ధిల్లుటయు ఇందుచేతనే.

ఇట్టి సుకుమారజీవిని మొట్టమొదట ఇంటిలో పెంచినవారి వృత్తాంతము నాకెంతయు ప్రియమైనది. 1846లో ఇంగ్లండు దేశమున ఆనా థిన్ అను గృహిణి టార్కీ సముద్రతీరమున కొన్ని రాతిపగడములను చూచి ముచ్చటపడి, వానిని ఒక పెద్ద స్పంజికి సూదిదారముతో కుట్టి, జాడీలో నుంచి లండనునకు కొనిపోయెను. తెచ్చిన నీరు చెడకుండుటకై ఆ యింటి పనికత్తె దినదినమును తెరచిన కిటికీ యెదుట నిలిచి, అరగంట మొదలు ముప్పావుగంట వరకు ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి ఎత్తిపోయుచు గాలి సోకించెడిది. పగడములు బ్రదికినవి. లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల తెరచినది 1853లో. అక్వేరియము అను పేరును లోకమునకు పరిచయము చేసిన ఫిలిప్ గాస్ గ్రంథము వెలువడినది 1854లో. ఈ రెండింటికిని ముందే ఒక సేవకురాలి చేతులు కెరటములు చేయు పనిని చేసినవి. ఈ విద్యకు ఆద్యులెవరని నన్నడిగినచో, గాస్ వంటి ప్రకృతిశాస్త్రజ్ఞుల సరసన ఆ పనికత్తెను గూడ నేను లెక్కింతును. ఏలయన నేటికిని ఈ తొట్లలో జీవము నిలుచుట ఆమె చేసినట్టి పనివలననే, అనగా ప్రతిదినమును తప్పక చేయు సామాన్యమైన పనివలననే.

అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా పెద్దవాని యింట 200 లీటర్ల తొట్టి యొకటి కలదు. నేనచట నుండిన కాలమున, వాడు పనికి పోయిన పిమ్మట దాని యోగక్షేమములు నా పాలికి వచ్చుటచే, ఈ సేవలోని క్రమము నాకలవాటైనది. ప్రాతఃకాలమున మొదటి పని చూచుట. యంత్రములను తాకక, నీటిలో చేయి పెట్టక, తొట్టియెదుట నిలిచి చూచుట. నిన్న విచ్చుకొనియున్న పగడము నేడు ముడుచుకొనినదా? చేపలన్నియు మేతకు వచ్చినవా, ఒకటి రాతిచాటుననే యుండిపోయినదా? పంపు సవ్వడిలో మార్పున్నదా? ఉష్ణమాపకము 25, 26 డిగ్రీల నడుమనే యున్నదా? పరీక్షాపరికరములు పట్టజాలని మార్పును పగడము తన మేనితో ముందుగా తెలుపును. నిన్న దానిని చక్కగా చూచియుండనివాడు నేటి భేదమును గ్రహింపజాలడు.

రెండవ పని తగ్గిన నీటిని భర్తీచేయుట. తొట్టినుండి నీరు దినదినమును ఆవిరియై పోవును, ఉప్పు పోదు. పొయ్యిమీద మరగి దగ్గరపడిన పులుసు ఉప్పెక్కినట్లే తొట్టినీరును ఉప్పెక్కును. కనుక తగ్గిన మేరకు పోయవలసినది మంచినీరే కాని ఉప్పునీరు కాదు. ఆ మంచినీరును కొళాయినీరు కారాదు. అందలి క్లోరిను చేపల మొప్పలకు హానిచేయును, గొట్టములనుండి దిగిన రాగి లేశమాత్రమైనను పగడములకు, రొయ్యలకు విషమగును, ఫాస్ఫేటు నాచునకు ఎరువగును. ఆర్వో యంత్రమున వడగట్టి, ఆపైన రెజినుగుండా పంపి లవణములను తొలగించిన నీటినే పోయవలెను. అదియు ఒక్కమారుగా కాక కొంచెము కొంచెముగా పోసి, సాపేక్షసాంద్రత 1.025, 1.026ల నడుమ నిలుచునట్లు చూడవలెను.

కంటికి కనుపించని సేవకులు కొందరు మనతోబాటు రేయింబవళ్లు పనిచేయుచుందురు. వారి పనిని చెడగొట్టకుండుటయు సంరక్షణలో భాగమే. చేప విసర్జించిన దానినుండి, తినక విడిచిన మేతనుండి అమ్మోనియా పుట్టును. అది తీవ్రమైన విషము. ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, వేరొక తెగ నైట్రైటును నైట్రేటుగాను మార్చును. రాళ్ల లోపలి రంధ్రములలో, ప్రాణవాయువు చొరని చోట్ల నివసించు వేరొక జాతి ఆ నైట్రేటును సాధారణమైన నత్రజని వాయువుగా మార్చి గాలిలోనికి విడిచిపుచ్చును. జీవముతో నిండిన ఇట్టి రాళ్లే తొట్టికి ప్రాణమని, జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ 1961లో తన అనుభవమును పత్రికాముఖమున వెల్లడించెను. ఈ రాళ్లను మంచినీట కడిగినను, ఎండబెట్టినను ఆ జీవజాలము నశించును; తుడువవలసివచ్చినచో తొట్టినుండి తీసిన ఉప్పునీటిలోనే తుడువవలెను.

ఈ రాళ్లకు తోడుగా స్కిమ్మరు అను పరికరము పనిచేయును. సముద్రతీరమున గాలివాన వెనుక నురుగు పేరుకొనుట మనమెరిగినదే. నీటిలో కరగియున్న సేంద్రియమలినములు గాలిబుడగల మేనికి అంటుకొని పైకి తేలుటయే అందలి రహస్యము. స్కిమ్మరు గొట్టములో అసంఖ్యాకములైన సన్నని బుడగలను పుట్టించి, ఆ మలినములు కుళ్లి అమ్మోనియా కాకమునుపే వానిని నురుగురూపమున వెలికి తెచ్చి పైనున్న గిన్నెలోనికి త్రోయును. రెండుమూడు దినములకొకమారు ఆ గిన్నెను, దాని మెడను కడుగవలెను. మెడకు జిడ్డు పట్టినచో నురుగు పైకెక్కదు. దుర్గంధముగల పనియే కాని, గోధుమరంగు ద్రవముతో నిండిన ఆ గిన్నెను పారబోయునప్పుడు, ఇంత మాలిన్యము చేపల యూపిరిలోనికి పోకుండ తప్పినది గదా యని నాకు నిజముగా సంతోషము కలుగుచుండెను.

వారమునకొకమారు చేయవలసినది నీరు మార్చుట. తొట్టిలో పదవ వంతు, అనగా 200 లీటర్లలో 20 లీటర్లు తీసివేసి, అంతే క్రొత్త ఉప్పునీటిని పోయవలెను. లీటరునకు సుమారు 35 గ్రాముల చొప్పున, 700 గ్రాముల సముద్రపు ఉప్పుమిశ్రమమును వేరొక బకెట్టులోని శుద్ధజలమున వేసి, చిన్నపంపుతో కలియబెట్టుచు, బాగుగా కరగి తేటపడిన పిమ్మట, దాని వేడిమియు ఉప్పదనమును తొట్టినీటితో సరిపోల్చి, అప్పుడే పోయవలెను. ఉప్పును సరాసరి తొట్టిలో వేయుట పగడముల మేనిని కాల్చుటయే. నీరు తీయు సమయముననే ఇసుకపైని మడ్డిని గొట్టముతో లాగివేయుటయు, అయస్కాంతపు తుడుపుతో అద్దముపైని నాచును గీకివేయుటయు జరుగవలెను. ఇట్లు నైట్రేటును తక్కువగా నుంచవలెనే కాని, శుద్ధిపేరిట దానిని శూన్యము చేయుటయు దోషమే. పగడములోని శైవలములకు అందు కొంత ఆహారము.

పగడము తన యెముకను సున్నపురాతితో తానే కట్టుకొనును. అందుకు కావలసిన కాల్షియమును, కార్బొనేటులను నీటినుండియే గ్రహించుటచే, ఏపుగా పెరుగు తొట్టిలో అవి నానాటికి తరుగుచుండును. కాల్షియము పదిలక్షల పాళ్లకు సుమారు 420, మెగ్నీషియము సుమారు 1300, క్షారత్వము 8, 9 డిగ్రీల నడుమ నుండునట్లు పరీక్షించి పూరింపవలెను. ఇందుకు గల మార్గములలో పీటర్ విల్కెన్స్ ప్రచారమునకు తెచ్చిన సున్నపునీటి పద్ధతి నాకు మిక్కిలి ఇష్టము. మన యిండ్లలో పెద్దలకు సుపరిచితమైన సున్నపుతేటయే అది. లీటరు శుద్ధజలమున రెండు గ్రాములలోపు శుద్ధమైన సున్నము మాత్రమే కరగును. పైకి తేరిన ఆ తేటను చుక్కచుక్కగా రాత్రివేళ పడనిత్తురు. దీపములార్పిన పిమ్మట శైవలములు బొగ్గుపులుసుగాలిని గ్రహించుట మానును గనుక నీటికి ఆమ్లగుణము కొంత పెరుగును. తీవ్రక్షారమైన సున్నపుతేట దానిని సరిదిద్దును. తొందరపడి ఒక్కమారుగా పోసినవాడు పగడములనే చంపుకొనును. తగ్గినదానిని ఒక్కనాటిలో పూరింపనెంచక, దినమునకొక డిగ్రీకి మించకుండ క్షారత్వమును పెంచుట శ్రేయము.

మాసమునకొకమారు పంపులను విప్పి, వానికి పట్టిన సున్నపుగారను నీరు కలిపిన వినెగరులో నానబెట్టి వదిలించి, చక్కగా కడిగి బిగింపవలెను. విద్యుత్తు ఆగినచో నీటిలో ప్రాణవాయువు త్వరగా తగ్గును గనుక బ్యాటరీతో నడచు గాలిపంపు ఒకటి సిద్ధముగా నుండవలెను. పేలిథోవా మొదలగు కొన్ని మెత్తని పగడజాతులలో మనుష్యులకు ప్రాణాంతకమైన విషముండును. వానిని తాకునప్పుడు చేతితొడుగులు, కండ్లకు అద్దములు తప్పనిసరి. వానితో కూడిన రాతిని ఎన్నడును మరగు నీటిలో వేయరాదు.

ఇంత చెప్పిన పిమ్మట, ఈ ప్రాణులు ఎచటినుండి వచ్చుచున్నవను ప్రశ్నను దాటిపోవుట న్యాయము కాదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో రాతిపగడములను 2001లో చేర్చిరి. మన్నారు సింధుశాఖలో ఒక్క కొమ్మ విరిచి తెచ్చుటయు నేరమే, అట్లుండుటయే ధర్మము. ఇతరదేశములలో, తొట్లలోనే పెరిగిన పగడముల కొమ్మలను త్రుంచి, చిన్నరాతికి అతికించి పెంచి, ఇచ్చిపుచ్చుకొను ఆచారము కలదు. సముద్రము జోలికి పోని ఆ మార్గమే నాకు సమ్మతము. ఏలయన, వైశాల్యము సముద్రమును కాపాడునను మాటకు నేడొక హద్దు కనుపించుచున్నది. మనము గాలిలోనికి విడుచు బొగ్గుపులుసుగాలిని గ్రహించి గ్రహించి, సముద్రపు పైనీటి పీహెచ్ పూర్వము 8.2 యుండినది నేడు సుమారు 8.1కి దిగినది. 1998లోను, 2016లోను వేడిమి పెరిగి లోకమునందలి పగడపు దిబ్బలు విస్తారముగా తెల్లబారినవి. తొట్టిలో ఒక్క డిగ్రీ పెరిగిననాడు ఆత్రపడినవానికి ఆ వార్తల యర్థము అంకెలు విప్పి చెప్పనక్కరలేదు. ఇంటి తొట్టి నేర్పు నియమము మహాసముద్రము విషయమునను మనుష్యజాతి పాటింపవలసిన కాలము వచ్చినది.

ఈ సేవకు క్రొత్తగా పూనదలచినవారితో నేను చెప్పునది యొక్కటియే. తొట్టిలో సూక్ష్మజీవులు నెలకొని, అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నకు దిగుటకు సామాన్యముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఆ కాలమంతయు అందు కనుపించునవి రాళ్లు, నీరు మాత్రమే. చూడవచ్చినవారికి చూపుటకేమియు నుండదు. అప్పుడు ఆ వట్టి నీటికే దినదినమును మంచినీరు పోసి, వేడిమి చూచి, ఉప్పదనము కొలిచి, లెక్క వ్రాసికొనవలెను. ఆ వారములలో ఒక్కనాడును విసుగు చెందక చేసినవాడు పగడమును ఇంటికి తెచ్చుకొనుటకు అధికారి. విసిగినవాడు అంతటితో విరమించినచో ఏ ప్రాణికిని హాని జరుగదు.