విరమణకు ముహూర్తం

అనకాపల్లి బెల్లం మార్కెట్టులో ఒక గుమాస్తా పదమూడు ముక్కల రమ్మీకి దాసుడయ్యాడు. 2020లో రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ నిషిద్ధం కాగా, ఫోను విడిచి పేకముక్కలు పట్టాడు.

ఆ క్రీడలోనే ఒక బోధ ఉంది. ఆరంభంలోనే డ్రాప్ చేస్తే 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, తుదివరకు నిలిచి ఓడితే 80 వరకు నష్టం. ప్రతి ఆటలోనూ ఈ లెక్క పాటించేవాడు, జీవితానికి అన్వయించుకోలేదు. “పోయినది రాగానే మానేస్తాను” అని భార్యతో అనేవాడు.

సభాపర్వంలో ధర్మరాజుకు పోయినదంతా వచ్చింది కదా! ద్రౌపది పొందిన వరాలతో దాస్యం తొలగింది. ధృతరాష్ట్రుడు రాజ్యమూ మరల ఇచ్చాడు. అయినా పిలుపు రాగానే ఆయన తిరిగి పాచికలకు కూర్చున్నాడు. పన్నెండేండ్ల వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం ఆ రెండవ ద్యూతఫలమే. సాధకులారా, మరలివచ్చిన ధనం తృష్ణకు మూలధనమే అవుతుంది. ఓటమిలో ఉండగానే లేవడం వివేకం.

కొత్త అమావాస్యనాడు నూకాంబిక సన్నిధిలో, భార్య మెడలో సూత్రాల స్థానంలో పసుపుకొమ్మును అతడు చూశాడు. సూత్రాలు కుదువలో ఉన్నాయి. వర్షాకాలంలో నీరుకారిన బెల్లానికి తరుగు వ్రాసి ఖాతా ముగించడం అతని నిత్యవృత్తి. ఆ రాత్రి తన నష్టానికీ తరుగు వ్రాశాడు. మరునాటి పిలుపుకు వెళ్ళలేదు. సూత్రాలు విడిపించడానికి ఇక జీతమే ఆధారం. జాగైనా అది ధర్మార్జితం.

స్వస్తి.