తెర బరువు

తెరకు సంస్కృతంలో పేర్లకు లోటు లేదు. అమరకోశం ఒక్కచోటనే ప్రతిసీర, జవనిక, తిరస్కరిణి అని మూడు చెబుతుంది. మూడూ గుడ్డను గురించినవే. ఆ గుడ్డను మోసే కడ్డీని గురించి, కడ్డీని మోసే గోడను గురించి ఆలోచించవలసిన అగత్యం నాకు అరవై ఎనిమిదవ యేట కలిగింది.

తుంటి ఎముకకు శస్త్రచికిత్స అయిన మా అక్కయ్య చిక్కడపల్లిలో మా ఫ్లాటుకు వచ్చినప్పుడు, హాలులో కొంత భాగాన్ని జిప్సం బోర్డుతో విడదీసి ఆమెకు గది చేశాము. మా పేటవారికి ఇది వింత కాదు. పక్కనున్న అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల గదులు ఎన్నో ఇలా పలకలతో విభజించినవే. వాకరుతో నడిచే మనిషికి తలుపు తీయడం, వేయడం కష్టం. రాత్రివేళ పిలిస్తే మాకు వినపడాలి కూడా. కనుక గుమ్మానికి తెర అనుకున్నాము. వెలుగు రాని మందపు గుడ్డ, అస్తరుతో కలిపి ఏడు కిలోలు తూగింది.

ఏడు కిలోలు పెద్ద బరువు కాదు. నా భయం వేరు. వృద్ధులు తూలినప్పుడు చేతికందినది పట్టుకుంటారు. అందేది తెర అయితే?

మిస్త్రీ డ్రిల్లూ ప్లాస్టిక్ గిట్టీలూ తెచ్చి, "రెండు నిమిషాల పని సార్" అన్నాడు. ఇటుక గోడకైతే అది నిజమే. మర బిగిసేకొద్దీ గిట్టీ ఉబ్బి, చుట్టూ ఉన్న ఇటుకను ఒత్తుకొని నిలుస్తుంది. 1910 దశకంలో లండన్‌లో రాలింగ్స్ జనపనారతో ఇటువంటి బిరడాను రూపొందించినది గట్టి గోడల కోసమే. జిప్సం బోర్డు మందం అరంగుళం. అటూ ఇటూ కాగితం, నడుమ సుద్ద వంటి పదార్థం, దాని వెనుక శూన్యం. గిట్టీ ఉబ్బితే ఒత్తుకొనేందుకు ఏమున్నది? సుద్ద పొడి అవుతుంది, అంతే.

బరువు కిందికే లాగుతుందనుకోవడం కూడా పొరపాటు. కడ్డీ గోడకు మూడు నాలుగంగుళాలు ఎడంగా ఉంటుంది గదా! బ్రాకెట్టు అడుగుభాగం గోడను నొక్కుతుంది, పైమర బయటికి పెరికివేయబడుతుంది. ఎడం పెరిగేకొద్దీ ఆ పెరుకుడూ పెరుగుతుంది. వెనుక రెక్కలు విచ్చుకునే టాగిల్ బోల్టులు ఉన్నాయి. అవి గిట్టీలకన్న ఎంతో మేలు. అయినా వాటి భారమూ చివరకు ఆ అరంగుళం పలక మీదనే.

వ్యాకరణంలో క్రియకు ఆధారమైనదాన్ని అధికరణం అంటాము. ఇక్కడ అధికరణం బోర్డు కాదు, దాని వెనుక దాగిన ఇనుప చట్రం. మా గోడలో దాని నిలువులు రెండేసి అడుగులకు ఒకటి చొప్పున ఉన్నాయి. అమెరికా ఇళ్ళలోనైతే సాధారణంగా పదహారంగుళాలకొక కర్ర నిలువు. ఈ బోర్డు గోడల పద్ధతి 1894లో శాకెట్ పేటెంటు పొందిన పలక నుంచి పెరిగినది. నిలువు ఎక్కడున్నదో వేలి కణుపుతో తట్టితే కొంత తెలుస్తుంది. చిన్న అయస్కాంతం ఇంకా నమ్మకం. బోర్డును చట్రానికి బిగించిన మరల వరుస దగ్గర అది అతుక్కుంటుంది.

ఈ ఫ్లాట్లకు ముందు ఇదే స్థలంలో మా పెంకుటిల్లు ఉండేది. దాని ద్వారబంధపు టేకు కమ్మి ఒకటి మేడమీద మిగిలింది. దాన్ని అంగుళం మందాన కోయించి, గుమ్మం పైన నాలుగు నిలువులను కలుపుతూ ఏడడుగుల పలక వేయించాను. నిలువుకు రెండు చొప్పున ఇనుమును తొలుచుకుపోయే మరలు. బ్రాకెట్లు మూడూ ఆ టేకులోకే, నడిమిది తప్పనిసరి. అసలు గోడ కట్టేటప్పుడే బోర్డు వెనుక ప్లైవుడ్ పట్టీ పెట్టించుకొనేవారికి ఇంత శ్రమ ఉండదు.

రసమట్టం పెట్టి చూసి, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఒక రాత్రి కడ్డీకి వేలాడదీశాను. తెల్లవారి చూస్తే పలకకూ గోడకూ నడుమ పోస్టుకార్డు దూరలేదు. అయినా మంచం పక్క ఇటుక గోడకు స్టీలు పట్టుకొమ్మ వేరే పెట్టించాను. పట్టుకోవలసింది దాన్నే అని అక్కయ్యకు రోజూ చెబుతున్నాను.

ఆమె మాత్రం పలకకేసి చాలాసేపు చూసి, "ఒరేయ్, ఇది మన పెరటి గుమ్మం గదరా!" అన్నది. రంగు వేయించవద్దన్నది. వేయించలేదు. నెలకొకసారి మరల బిగువు చూడడం నా పనిగా పెట్టుకున్నాను.