ముల్లు, ప్లేటు, మామయ్య

మా మేనమామ గారి ఊరు గుడుపల్లె. బెంగుళూరు నుంచి జోలార్‌పేటకు పోయే రైలుమార్గంలో కుప్పానికి ముందు వచ్చే చిన్న స్టేషను. చిత్తూరు జిల్లాలో ఉన్నా అటు తమిళనాడూ ఇటు కర్ణాటకా చేరువలోనే ఉంటాయి కనుక, ఆ ఊరి పెళ్ళిళ్ళలో మూడు భాషల పాటలూ వినిపించాలి. పోయిన వేసవిలో అక్కడికి వెళ్ళినప్పుడు నా బావమరిది నా ముందు ఒక ప్రశ్న పెట్టాడు. చూడడానికి చిన్నదే గాని, దానికి జవాబు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.

వాడిది సౌండ్ సర్వీసు. ఒక ల్యాప్‌టాప్, రెండు డెక్కుల కంట్రోలర్, పెద్ద పెద్ద బేస్ బాక్సులు, రంగు లైట్లు, జనరేటరు. పాటలన్నీ హార్డ్ డిస్కులోనే ఉంటాయి.

"బావా, ఒక టర్న్‌టేబుల్ గూడా కొందామనుకుంటావుండా. బెంగుళూరు పార్టీ వాళ్ళు పెండ్లికి పాత రికార్డులు కావాలంటావుండారు. నాయన ప్లేట్లు ఎట్లా వుండాయి గదా. నువ్వేమంటావు?"

పక్కనే నులక మంచం మీద కూర్చున్న మామయ్య ఏమీ మాట్లాడలేదు.

మామయ్య 1976లో మైకుసెట్టు పెట్టారు. ఒక యాంప్లిఫయరు, చెట్టుకొమ్మలకు కట్టే రెండు శంఖాలు, నాలుగు వేగాల రికార్డు ప్లేయరు ఒకటి. తెలుగు, తమిళ, కన్నడ ప్లేట్లకు వేర్వేరు రేకుపెట్టెలు. తెల్లవారుజామున ఘంటసాల భగవద్గీతతో మొదలై, మధ్యాహ్నానికి సినిమా పాటల మీదుగా సాగి, రాత్రికి 'దానవీరశూరకర్ణ' సంభాషణల దగ్గర ఆగేది ఆ ఊరి శుభకార్యం. ఆ సినిమా వచ్చింది 1977లో. ఆ ఎల్.పి. అరిగిపోయి సుయోధనుడి గొంతు బొంగురుపోయేదాకా ఆయన దాన్ని వేశారు. క్యాసెట్లు వచ్చాక ప్లేయరు అటకెక్కింది. ప్లేట్లు మాత్రం ఇప్పటికీ ఆయన మంచం కిందే ఉన్నాయి.

బావమరిది కోరికను తేలికగా కొట్టిపారేయలేకపోయాను. అసలు వాడు చేసే పని పుట్టిందే ప్లేటు మీద. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే యువకుడు ఒక విందులో రెండు టర్న్‌టేబుళ్ళ మీద ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టి, జనం ఎగిరి గంతులేసే తాళం ముక్కను ఒకదాని తరువాత ఒకటిగా పొడిగించడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఏడాది జపానులో తయారైన టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200లో పళ్ళేన్ని మోటారే నేరుగా తిప్పుతుంది. మధ్యలో రబ్బరు పట్టీ లేదు కనుక, చేత్తో ఆపి వదిలినా క్షణంలో వేగం అందుకుంటుంది. డీజేలు దాన్నే తమ వాద్యంగా చేసుకున్నారు. 2010లో ఆపేసిన ఆ యంత్రపు తయారీని 2016లో మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చిందంటే ఆ మోజు ఎంతటిదో ఊహించవచ్చు.

మధ్యేమార్గం ఒకటుంది. ప్రత్యేకమైన ప్లేటు ఒకటి వస్తుంది. అందులో పాట ఉండదు, ఈల వంటి ఒక సంకేతం ఉంటుంది. ముల్లు ఎక్కడ ఉందో, ప్లేటు ఎంత వేగంతో ఎటు తిరుగుతోందో ఆ సంకేతాన్ని బట్టి ల్యాప్‌టాప్ గ్రహించి, తనలోని పాటను అలాగే నడిపిస్తుంది. ఇది వాడికి బాగా నచ్చింది. కాని పెళ్ళివారు అడిగింది పాత రికార్డులను. ఈ పద్ధతిలో మామయ్య ప్లేట్లకు చోటే లేదు.

బెంగుళూరులోని ఒక మిత్రుడి దగ్గర టర్న్‌టేబుల్ అరువు తెచ్చి, ఇంటి ముందర చప్టా మీద పెట్టి చూశాం. మొదట దోమ పాడినట్టు వినబడింది. ముల్లు నుంచి పుట్టే విద్యుత్తు కొద్ది మిల్లీవోల్టులే. పైగా ప్లేటును చెక్కేటప్పుడే మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి చెక్కుతారు. దాన్ని తిరగదిప్పి, బలం పెంచే చిన్న ఫోనో యాంప్లిఫయరు మధ్యలో ఉండాలి. మామయ్య పాత ప్లేయరులోని ముల్లు వేరే జాతిది. బలమైన సంకేతాన్నే ఇచ్చేది, కాని ప్లేటు మీద బరువుగా కూర్చుని దాన్ని అరగదీసేది. ఫోనో యాంప్లిఫయరు తెచ్చి తగిలిస్తే ఝుమ్మని మోత. ఎర్తు తీగ బిగిస్తే అదీ పోయింది. ఆ తరువాత పాట నిండుగా వచ్చింది. ముగ్గురం కాసేపు మాటలు మానేశాం.

అప్పుడు బావమరిది బేస్ బాక్సులు ఆన్ చేశాడు. ఏనుగు ఘీంకరించినట్టు ఒక శబ్దం లేచి అంతకంతకూ పెరిగింది. బాక్సుల అదురు నేలలోంచి ముల్లుకు చేరి, ముల్లు దాన్నే మళ్ళీ బాక్సులకు పంపుతోంది. మామయ్య మంచం మీద నుంచే అన్నారు: "బండ ఎయ్యండ్రా. దాని కింద ట్యూబు పెట్టండి. నేనైతే పెట్టె కింద కంబళి మడిచి పెడతా వుంటి."

కుప్పం ప్రాంతంలో గ్రానైటు ముక్కకు కరవేముంది! గొడ్లచావిడి పక్కన పడివున్న పలకను తెచ్చి, కింద పాత స్కూటరు ట్యూబు మడిచిపెట్టి, పైన టర్న్‌టేబుల్ ఉంచాం. ఘీంకారం అణిగింది. మామయ్య రోజుల్లో ఈ బాధ పెద్దగా లేకపోవడానికి కారణం కూడా అప్పుడే స్ఫురించింది. శంఖాలు మంద్రస్వరాలను దాదాపు పలకవు. ఇప్పటి పెళ్ళికి కావలసినవి ఆ మంద్రస్వరాలే. పిల్లలను పిలిచి బల్లల వేదిక మీద గంతులేయమన్నాం. వాళ్ళకు ఇంతకంటే భాగ్యమేముంది! ముల్లు చరణం నుంచి చరణానికి దూకింది.

లెక్కలు తేలిపోయాయి. సిమెంటు నేల మీద సాధ్యం, బల్లల వేదిక మీద అసాధ్యం. మామయ్య పెట్టెల్లో సగం 78 వేగపు లక్క ప్లేట్లు. వాటి గాడి వెడల్పు వేరు, దానికి మరో ముల్లు కావాలి. జారితే పగిలిపోతాయి కూడాను. పైగా బేస్ బాక్సుల అప్పే ఇంకా తీరలేదు.

"పార్టీ వాళ్ళు చూసేదానికి అడిగినారు బావా," అన్నాడు వాడు నెమ్మదిగా. "ప్లేటు ఊరికే తిరగతా వుంటే సాలంట. పాట ల్యాప్‌టాప్‌లోనుంచి వస్తే ఎవురికి తెలస్తాది?"

మామయ్య లేచి కూర్చున్నారు. ఆయన గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"తిరిగేదొకటి, పాడేదొకటీనా? అట్లయితే నా ప్లేట్లు ముట్టుకోవద్దు."

వాడు నా వైపు చూశాడు. ఈల సంకేతపు ప్లేటు కూడా అంతే గదా అని వాడి ప్రశ్న. నేను కొంతసేపు ఆలోచించవలసి వచ్చింది. అంతే కాదు. అక్కడ చెయ్యి ఆగితే పాట ఆగుతుంది, చెయ్యి వెనక్కి లాగితే పాట వెనక్కి వస్తుంది. పాట ఎక్కడ దాగివున్నా దానిని నడిపేది ఆ చెయ్యే. పెళ్ళివారు అడిగిన దానిలో చేతికీ పాటకూ సంబంధమే లేదు. మొదటిది పనిముట్టు, రెండవది వేషం. మామయ్యకు ఈ యంత్రాల సంగతి తెలియకపోయినా ఆ తేడా మాత్రం నాకంటే ముందే తెలిసింది.

మూడవ రోజు నా అభిప్రాయం చెప్పాను. ఇప్పుడు కొనవద్దు. అప్పు తీరాక, ఫోనో యాంప్లిఫయరు లోపలే ఉన్న మామూలు టర్న్‌టేబుల్ ఒకటి కొను. అది వేదిక కోసం కాదు, మామయ్య ఎల్.పి.లను, ఈ.పి.లను ఒక్కసారి శుభ్రంగా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడానికి. పెళ్ళివారికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. కావాలంటే మండపంలో, సిమెంటు నేల మీద, భోజనాల వేళ ఒక గంట నిజమైన రికార్డులు వేస్తామను. ఆ ఒక్కరోజుకూ అరువు యంత్రం చాలు.

వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ గంట ప్లేట్లు వేసింది మామయ్యే. చేతులు వణుకుతాయేమోనని నాకు భయం. కాని ముల్లును మెల్లగా దించే మీట ఒకటి ఆ యంత్రానికుంది. "ఈ మీట అప్పుడే వుండింటే ఎన్ని ప్లేట్లు బతికుండునో," అన్నారాయన.

డీజేకి రెండు డెక్కులెందుకంటే పాటకూ పాటకూ మధ్య ఖాళీ రాకూడదు కనుక. మామయ్యకు ఏనాడూ ఉన్నది ఒక్క ప్లేయరే. ప్లేటు తిరగేసే ఆ ఖాళీలోనే చందాదారుల పేర్లు, తప్పిపోయిన పిల్లవాడి ఆనవాళ్ళు, ఆఖరి బస్సు కబురు ఊరంతటికీ చేరేవి. ఆ రోజూ మొదటి పక్క అయిపోయింది. మండపం ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. బావమరిది కంగారుగా ల్యాప్‌టాప్ వైపు చెయ్యి చాచాడు. ఈలోగా మామయ్య అలవాటు చొప్పున మైకు అందుకుని, గొంతు సవరించుకుని, రెండవ పంక్తి భోజనాలు సిద్ధంగా ఉన్నాయనీ, పెద్దలంతా దయచేసి లేవాలనీ మూడు భాషల్లో చెప్పారు.

జనం లేచారు. ఆయన ప్లేటు తిరగేశారు.