ఏ సంచిలో చూస్తివి?

ఆదోని పత్తి మార్కెట్ యార్డులో వాదన గుప్పెడు పత్తితో మొదలవుతుంది. కొనేవాడు ఒక సంచిలో చెయ్యిపెట్టి ఇంత పీకి, పిసికి, "తేమ ఉంది పెద్దాయనా" అంటాడు. లాటు మొత్తం ధర ఆ గుప్పిట్లోనే తేలిపోతుంది.

అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలు. స్థాలీపులాక న్యాయం అంటారు దాన్ని. కుండలో నీళ్లు అంతటా ఒకేలా కాగుతాయి గనక మెతుకు మాట చెల్లుతుంది. పత్తి లాటు అలా కాదు. మొదటి విడతలో తీసింది, మంచులో తీసింది, వాన తిన్న గుడ్డిపత్తి వేర్వేరు సంచుల్లో ఉంటాయి. మా నాయన ఒకసారి గొంతు పెంచకుండానే అడిగాడు: "ఏ సంచిలో చూస్తివి సావుకారీ? దాన్ని పక్కన పెట్టి మిగతావి గూడా చూడు." "ముప్పై ఏండ్ల నుంచి పత్తి చూస్తాండా నేను" అని జవాబొచ్చింది. ఆయన అనుభవాన్ని నాయన కాదనలేదు. అడిగింది సంచి గురించి. తేమకు కొలత ఉంది: కాటన్ కార్పొరేషన్ 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాటితే కొనదు. మీటరు పెట్టి చూడాల్సిన చోట వయసును తూకం వేస్తే రైతు నోరు మూతపడుతుంది. నాయన ఆ రోజు వాళ్లన్న ధరకే ఇచ్చి వచ్చాడు. నాకది ఇప్పటికీ బాధే.

2022 మొదట్లో ఆదోనిలో క్వింటాలు పత్తి ధర 10,000 రూపాయలు దాటింది. యార్డులో రోజూ కనిష్ఠం, మధ్యస్థం, గరిష్ఠం అని మూడు ధరలు రాస్తారు. ఊళ్లోకి చేరేది గరిష్ఠం ఒక్కటే. ఆ ధర చెప్పి విత్తనాలు అంటగట్టినవాళ్లు అబద్ధమాడలేదు, మిగతా రెండూ దాచారంతే.

ఇంకో ఎత్తు కూడా ఉంది. మాటకున్న రెండర్థాల్లో ఎదుటివాడు అననిదాన్ని పట్టుకోవడాన్ని న్యాయదర్శనమనే పాత తర్కశాస్త్రం ఛలం అంది. దానికి వాత్స్యాయనుడి భాష్యం ఇచ్చిన ఉదాహరణ కంబళి: కొత్త కంబళి అనే అర్థంలో "నవకంబళం" అని ఒకడంటే, తొమ్మిది ఎక్కడున్నాయని ఇంకొకడు ఎదురుతిరుగుతాడు. రెండర్థాల ఆట అమ్మేవాళ్లూ ఆడతారు. బట్టల ఊరు ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు. అక్కడి మగ్గాలు చూసి పెరిగిన మా అమ్మకు, వేరే ఊళ్లో ఒక దుకాణంలో, "చేనేతే అమ్మా" అంటూ చీర పరిచారు. ఆ మాటకు అమ్మ వినే అర్థం చేత్తో నేసిందని. వాళ్లు చెప్పేది చేనేత డిజైను. అమ్మ అంచు తిప్పి, మగ్గం మీద బట్ట బిగువు కోసం గుచ్చే ముళ్ల గుర్తులకోసం వేలితో వెతికింది.

"ఎవరు నేసిరి నాయనా దీన్ని?" అని అడిగింది.

అబ్బాయి ఇంకో చీర తీశాడు.