గాజు మీద ఒక గుంట

1996 వర్షాకాలం. జంషెడ్‌పూర్ అప్పటికి బీహార్‌లోనే ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సుబర్ణరేఖ, ఖర్కయి నదుల ఒడ్డునున్న ఆ ఉక్కునగరంలోని ఒక కర్మాగారానికి నన్ను శిక్షణ నిమిత్తం పంపారు. సాయంత్రాలు బిష్టుపూర్‌లో మనవారు కట్టుకొన్న రామమందిరానికి వెళ్ళేవాణ్ణి. భక్తికన్నా తెలుగు మాట వినాలన్న తపనే ఎక్కువని ఒప్పుకోవాలి.

కర్మాగారంలో నాకు పని నేర్పిన ఫోర్‌మన్‌గారిది శ్రీకాకుళం ప్రాంతం. వయసులో మా నాన్నగారంతటివారు. ఒకనాడు బాయిలరు నీటిమట్టం చూపే గేజి గాజుకు స్పానరు తగిలి వెంట్రుకవాసి గీత పడింది. "మార్చీద్దాం బాబూ" అన్నారాయన. నేను పట్టభద్రుణ్ణి కదా! పనిచేసే పీడనానికి ఒకటిన్నర రెట్లు పెట్టి పరీక్ష చేయించాను. గాజు చెక్కుచెదరలేదు. "తట్టుకొన్నదండీ, మార్చనక్కరలేదు" అని తేల్చేశాను.

నాలుగో రోజున, పీడనం మామూలుకన్నా తక్కువగా ఉన్న వేళ, ఆ గాజు భళ్ళున పగిలి ఆయన ముంజేయి కాలింది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువగా దహించింది.

ఎక్కువ భారానికి పగలనిది తక్కువ భారానికి ఎందుకు పగిలింది? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనీయలేదు. అక్కడి ప్రయోగశాలలో వికర్స్ కాఠిన్య పరీక్షాయంత్రం ఉండేది. ఎదురెదురు ముఖాల మధ్య 136 డిగ్రీల కోణమున్న వజ్రపు పిరమిడ్‌ను నమూనాపై నొక్కి, పడిన గుంట కర్ణాలను కొలవడం దాని పని. అనుమతి తీసుకొని, ఒక కిటికీ గాజు ముక్కపై కిలో భారంతో నొక్కాను. గేజి గాజు కూర్పు వేరు కనుక ఇది సరియైన పోలిక కాదు. అయినా మనసు ఊరుకోలేదు.

గాజు ముక్కలవుతుందనుకొన్నాను. ఉక్కు మీద పడినట్లే చక్కని చతురస్రపు గుంట పడింది! కర్ణం 0.06 మిల్లీమీటర్లు. నాలుగు మూలలనుండి మాత్రం సన్నని పగుళ్ళు బయలుదేరాయి. మరునాడు చూస్తే అవి మరికాస్త సాగాయి.

దీని మర్మం తరువాత పుస్తకాలలో తెలిసింది. గాజుకు లొంగే గుణం లేదనుకోవడం పొరపాటు. అది రెండు విధాల లొంగుతుంది. స్వచ్ఛమైన సిలికా గాజు అణువుల అల్లికలో ఖాళీలు ఎక్కువ. కుంచంలో వడ్లు కుదించినట్లు అది నొక్కినచోటే చిక్కబడుతుంది. అత్యధిక పీడనంలో దాని సాంద్రత ఐదోవంతు వరకు పెరుగుతుంది. కిటికీ గాజులో సోడియం, కాల్షియం ఆ ఖాళీలను చాలావరకు ఆక్రమిస్తాయి. అందువల్ల అది చిక్కబడేది తక్కువ, జారేది ఎక్కువ. తడిమట్టిలో వేలు గుచ్చితే మట్టి పక్కలకు తోసుకొన్నట్లు, జరిగిన పదార్థం చుట్టూ ఉన్న గాజును నెడుతుంది. భారం తీసినా ఆ నెట్టుడు పోదు. పలుమార్లు పగుళ్ళు విచ్చుకొనేది వజ్రం పైకి లేచేటప్పుడేనట! గాజును మెత్తబడే ఉష్ణోగ్రతకు కాస్త దిగువన వేడిచేస్తే, గుంటలో చిక్కబడిన భాగం మళ్ళీ పొంగుతుంది, జారిన భాగం పొంగదు. ఏది ఎంతో ఆ విధంగా తేలుస్తారు.

చిక్కబడే గాజు పగలదని కాదు. దానికి వలయాకారపు పగుళ్ళు వస్తాయి. అయితే మూలల పగుళ్ళను అది బాగా ఓర్చుకొంటుంది. ఈ సూత్రాన్ని ఆసరా చేసుకొని, కిటికీ గాజు కుటుంబంలోనే పెళుసుదనం తగ్గిన గాజును 1998లో జపాన్‌లోని పరిశోధకులు ప్రకటించారు.

ఇక నీటి సంగతి. పగులు కొసన బిగువుగా ఉన్న సిలికాన్-ఆక్సిజన్ బంధాన్ని నీటి అణువు తెంపగలదు. పగులు చడీచప్పుడు లేకుండా పాకుతుంది. మా గీత క్రిందా అటువంటి బిగువే దాగి ఉండాలి. బాయిలరులో నీటికి కొదవా? నా పరీక్ష కూడా ఆ పగులును పెంచే ఉంటుంది. పరీక్షలో నెగ్గిన గాజు, పరీక్షకు ముందున్న గాజుకన్నా బలహీనమైనదన్నమాట.

శిక్షణ ముగిసే ముందు ఫోర్‌మన్‌గారిని సూక్ష్మదర్శిని వద్దకు తీసుకువెళ్ళాను. క్షమాపణ చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన కట్టు కట్టిన చేతిని వెనక్కు పెట్టుకొని, ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు.

"ఇంత సిన్న గుంటకి ఇన్ని కాళ్ళేటి బాబూ!" అన్నారు.